కాజా కుట్టిన గేలం

గేలానికి ముడి వెయ్యాలంటే రెండు చేతులు కావాలి. మా ఆయనకి అప్పట్లో పనికొచ్చేది ఒకటే. రెండోది భుజం నుంచి వేలాడుతూనే ఉండేది కానీ దానికీ ఆయనకీ మాటల్లేవు.

ఆయన సాలూరు లారీ డ్రైవరు. నా మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటినుంచీ బావ, పెళ్లయ్యాకా బావే. ఒకసారి లోడు దింపుతుంటే లారీ వెనక తలుపు ఊడి కుడి మోచేతి మీద పడింది. ఎముక అతికింది. వేళ్లు మాత్రం మాట వినడం మానేశాయి. "నరం మెల్లగా దారికొస్తుంది, కానీ వేళ్లకి పని చెప్పాలి. చొక్కా గుండీలు పెట్టండి, తియ్యండి, మళ్లీ పెట్టండి" అన్నాడు డాక్టరు. పని చెప్పకపోతే అవి అలాగే బిగుసుకుపోతాయనీ, అప్పుడిక స్టీరింగు మాట మరిచిపోవాల్సిందేననీ కూడా అన్నాడు.

"గుండీలెట్టుకోడానికి నానేటి అంగన్‌వాడీ పిల్లోడినా?" అని బావ ఆ రోజునుంచి చొక్కాలే మానేశాడు. బనీనుతో తిరిగేవాడు. గుండీల గొడవ అలా తీరిపోయింది.

నేను జాకెట్లు కుడతాను. మిషను ముందుగదిలో ఉంటుంది. లారీ లేని డ్రైవరు ఏదో ఒకటి నడపకుండా ఉండలేడు కదా, నా మిషను నడపడం మొదలుపెట్టాడు. చేత్తో కాదు, నోటితో. పక్కన కుర్చీ వేసుక్కూర్చుని "మలుపొస్తన్నాది, స్లో సెయ్యి" అనేవాడు. చంక దగ్గర కుట్టు తిప్పుతుంటే "రానీ... రానీ... రానీ... ఆపాపు!" అని కుర్చీ చెక్కని అరచేత్తో దబదబా బాదేవాడు, క్లీనరు లారీ బాడీని బాదినట్టు. ఆ దెబ్బకి ఎన్ని సూదులు విరిగాయో నాకే తెలీదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు బావా!" అని అరిచానొకరోజు.

"పని నేని కత్తిపీటకి దురదెక్కువే" అన్నాడు.

అందుకని, వేగావతి దగ్గరకెళ్లి చేపలు పట్టుకోమని నేనే పంపించాను. పెళ్లికి ముందునుంచీ ఆయనకది పిచ్చి. డ్యూటీ లేని రోజున వెదురుకర్ర పట్టుకుని ఏటికి పోవాల్సిందే. పంపించాక తెలిసింది, పంపించింది ఆయన్నొక్కణ్ణే కాదు, నన్ను కూడానని.

ఏటిలో వాననీళ్లు పారే రోజులవి. చెత్తకో రాయికో తగులుకుని గేలం తెగిపోతుంది. కొత్తది కట్టాలి. వేలెడంత పరిగె చేపలొస్తే చిన్న గేలం, మీసాల జెల్లలొస్తే పెద్దది. ఈలోగా చిన్న చేపలు ఎరని కొరుక్కుపోతాయి, మళ్లీ గుచ్చాలి. ఒక చేత్తో ఈ పనులేవీ అవ్వవు. ఆదివారం ఆదివారం నేను ఆయన పక్కన బండరాయి మీద కూర్చుని వానపాముల్ని గుచ్చాను. ఓలమ్మో, ఆ వానపాములు! జాకెట్టు పైపింగులా పట్టుకున్న దగ్గర ఉండవు. ఇంటి దగ్గర శ్రావణమాసం జాకెట్లు గుట్టలుగా పడున్నాయి, ఇక్కడ నేను పాములకి సేవ చేస్తున్నాను.

"తొరగా కట్టవే, జెల్లలు ఎలిపోతన్నాయి!"

"పోనీ బావా. వాటికైనా ఆదివారం ఉండాల."

ఆయన మొహం చూస్తే మాత్రం నవ్వు రాలేదు. గేలం తెగిన ప్రతిసారీ కర్ర నా ఒళ్లో పెట్టి అటువైపు తిరిగి కూర్చునేవాడు. ఒకసారి ఏటివైపు చూస్తూనే "ఒక్కపాలైనా ఎవులి సాయం నేకుండా ఒక సేపని పట్టాల" అన్నాడు. సరే, ఈ మనిషికి ఒంటిచేత్తో మార్చుకునే గేలం తయారుచేసి ఇచ్చి నా ఆదివారం నేను తెచ్చుకుంటానని ఆ బండరాయి మీదే ఒట్టు పెట్టుకున్నాను.

ఫోన్లో వీడియోలు చూశాను. వాటిలో వాళ్లందరి దగ్గరా మెరిసే స్టీలు క్లిప్పులున్నాయి. ఇటు తిప్పితే పాత గేలం పోతుంది, అటు తిప్పితే కొత్తది వస్తుంది. మా బజారంతా అడిగాను. అలాంటివి లేవన్నారు. లేకపోతే పోనీ, తగిలించేవీ విడదీసేవీ నా దగ్గర డబ్బాలకొద్దీ ఉన్నాయి కదా!

మొదట జాకెట్టు హుక్కు పెట్టాను. పెద్ద దారం చివర హుక్కు కట్టి, జానెడు జానెడు దారాలకి ఒక కొసన గేలం, రెండో కొసన కాజా, అంటే హుక్కు దూరే దారపు ఉంగరం, కుట్టాను. కాజాని హుక్కుకి తగిలిస్తే చాలు, గేలం తయారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. జెల్ల పట్టింది, కర్ర వంగింది, బావ లేచి నిలబడ్డాడు, జెల్ల ఒక్కసారి ఇటు తిరిగింది, అంతే, హుక్కులోంచి కాజా జారిపోయింది. జెల్ల నా గేలంతో, నా కాజాతో సహా పోయింది.

"జాకెట్టు ఇప్పుకుని ఎలిపోనాదే!" అన్నాడు బావ.

రెండోసారి టిచ్ బటన్ పెట్టాను. చేప లాగగానే నీళ్లలోంచి 'టిక్' అని వినిపించినట్టే అనిపించింది. "నువ్వు సేపకి తలుపు తీసి మరీ పంపిస్తన్నావు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను టిచ్ బటన్ల కంపెనీని తిట్టాను.

ఈ ప్రయోగాల వల్ల నా మిషను బల్ల మీద జాకెట్టు హుక్కుల డబ్బా, గేలాల డబ్బా అన్నదమ్ముల్లా పక్కపక్కన చేరాయి. ఒక సాయంత్రం కరెంటు పోయింది. మర్నాడు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. బజార్లో కిరాణా కొట్టు సావుకారు గారి భార్యకి పట్టుజాకెట్టు ఇవ్వాలి, చేతులకి మగ్గం పని చేయించినది. పై హుక్కు ఒక్కటే మిగిలింది. ఆ మాత్రానికి దీపమెందుకని చేతికందింది తీసి కుట్టేశాను.

శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటిముందు ఆటో ఆగింది. సావుకారమ్మగారు పట్టుచీర కొంగు మెడచుట్టూ కప్పుకుని, పసుపు రాసుకున్న కాళ్లతో గబగబా లోపలికొచ్చారు.

"ఏటమ్మా నువ్వు కుట్టింది? తొడుక్కున్నప్పుడు బానే ఉన్నాది. పూజ అయిపోనాది, ఇప్పుదామంటే పై హుక్కు రావట్లేదు. లాగుతుంటే ఇంకా బిగుసుకుంటన్నాది!"

ఆమెని వెనకగదిలోకి తీసుకెళ్లి తెరవేసి, కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాను. నా పైప్రాణాలు పైనే పోయాయి. కాజాలో ఉన్నది పరిగె గేలం. దాని ఉల్టా ముల్లు కాజా దాటి లోపలి గుడ్డలో దిగి కూర్చుంది. అమ్మవారి దయ, గుడ్డలోనే దిగింది, ఒంట్లో దిగలేదు.

"ఏటది?" అన్నారావిడ.

"హుక్కేనండి. కొత్త రకం."

కత్తిరిద్దామంటే పట్టు, లాగుదామంటే ముల్లు. బిగుసుకున్న గేలాన్ని తియ్యడం చేతనైన మనిషి నాకు ఒక్కడే తెలుసు. ఆయన తెరకి అవతల కుర్చీలో ఉన్నాడు.

"బావా, గేలం లోపలికి దిగిపోతే ఎలాగ తియ్యాల?"

"దేనికి దిగిపోనాది?"

"జాకెట్టుకి."

"జాకెట్లో ఎవులున్నారు?"

"సావుకారమ్మగారు."

కుర్చీ పడిన చప్పుడయింది. ఆ తర్వాత వచ్చిన గొంతు, అబ్బ, దెబ్బ తగిలిన తర్వాత నేను మళ్లీ వినని గొంతు. ఘాట్ రోడ్డులో ఎదురొచ్చే బండికి దారిచ్చేటప్పటి గొంతు.

"కంగారు పడకు. ముందుకి లాగొద్దు! ముల్లు ఎటు దిగిందో అటే ఇంకాస్త పోనీ. పోనీ... పోనీ... ఆపు! ఇప్పుడు కాడని కిందకి నొక్కు. నొక్కినావా? ఎనక్కి రానీ. రానీ... రానీ... ఎడమకి కొట్టు, ఎడమకి!"

సావుకారమ్మగారు పాపం తనూ ఎడమకి ఒరిగారు.

"మీరు కాదండి, గేలం" అన్నాను. నోరు జారింది.

"గేలవా? గేలవేటి?"

"రానీ... రానీ... వచ్చేసినాదా?"

వచ్చేసింది. గుడ్డకి చిన్న చిల్లు కూడా పడలేదు. నా అరచేతిలో ఉన్నదాన్ని ఆవిడ చూసి, నన్ను చూసి, "వ్రతం పూట నన్ను కొర్రమేను సేసేసినావు కదే!" అన్నారు.

తెర అవతల్నుంచి బావ ఊరుకోవచ్చు కదా. "కొర్రమేనైతే ఈపాటికి జారిపోయుండును అమ్మగారూ" అన్నాడు.

ఆవిడ నవ్వాపుకోలేక నా మంచం మీద కూలబడ్డారు. నేను ఆ నవ్వు చూసి ఏడ్చాను, అప్పటిదాకా పడిన భయానికి. ఆ తర్వాత బజారంతా నాకు కొత్త పేరు వచ్చింది, అది ఇక్కడ రాయను.

ఆవిడ వెళ్లాక నాకు ఒక సంగతి తట్టింది. అంత లాగినా, అంత నొక్కినా నా కాజా తెగలేదు. తప్పు కాజాది కాదు, హుక్కుది. దాని నోరు తెరుచుకుని ఉంటుంది. నోరు మూస్తే చాలు. మగవాళ్ల పేంటుకి పెట్టే పెద్ద హుక్కు తీసుకున్నాను. సైకిలు షాపుకెళ్లి వాల్వు ట్యూబు తెచ్చి, చిన్న ముక్క కోసి, దారం మీదుగా ఎక్కించి హుక్కు నోటి మీదికి తొడిగాను. రబ్బరుని పళ్లతో పైకి జరిపితే హుక్కు నోరు తెరుచుకుంటుంది. ఎడమచేత్తో కాజా తగిలించి రబ్బరుని కిందకి జరిపితే మూసుకుపోతుంది. ఎంత పెద్ద జెల్ల లాగినా ఊడదు.

ఎరకి కూడా దారి దొరికింది. సూదులు గుచ్చుకోడానికి నేను గడియారంలా మణికట్టుకి కట్టుకునే చిన్న దిండు ఒకటుంది. దాని మీద ఎలాస్టిక్ కుట్టి, గేలాల కాడలు దాని కిందకి దూర్చాను, ముళ్లు పైకొచ్చేలా. గేలం కదలకుండా నిలబడితే వానపాముని ఒంటిచేత్తో గుచ్చొచ్చు.

"కుడిసేతికి కట్టు" అన్నాడు బావ. "ఈ సెయ్యి ఇప్పుడు గోడకి మేకు లాంటిదే. ఏటన్నా తగిలించొచ్చు."

ఆ మాట అనేటప్పుడు నవ్వాడు, నాకు మాత్రం మనసు చివుక్కుమంది. కుడి మణికట్టుకే కట్టి, పట్టీ గుండీ పెట్టాను.

ఆ ఆదివారం ఒక్కడే వెళ్లాడు. చీకటి పడకముందే రెండు జెల్లలు పట్టుకొచ్చి వంటగట్టు మీద పెట్టి, "ఎవులి సాయం నేదు" అన్నాడు. పులుసు పెడుతుంటే వంటగదిలో నిలబడి రబ్బరుని ఎలా జరిపాడో, కాజా ఎలా తగిలించాడో మళ్లీ మళ్లీ చెప్పాడు, అది నేనే చేశానన్న సంగతి మరిచిపోయి. నాకు ఎంత సంతోషం వేసిందో!

తర్వాత ఆదివారాలన్నీ నావే. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. చంక దగ్గర కుట్టు తిప్పుతుంటే ఎవరూ అరవరు, సూదులు విరగవు. మొదట్లో హాయిగా ఉంది. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, మలుపు దగ్గర మిషను ఆపి ఎవరైనా ఏదైనా అంటారేమోనని ఒక్క క్షణం చూసేదాన్ని. నా మీద నాకే కోపం వచ్చేది. వానపాముల మీద బెంగపడిన ఆడది సాలూరులో నేనొక్కదాన్నేనేమో!

ఒక ఆదివారం బావ ఉత్తచేతులతో, గొప్ప చిరాకుతో తిరిగొచ్చాడు.

"నీ ఇంజినీరింగు ఫెయిలైపోనాది. పేంటు హుక్కు ముడి ఊడిపోనాది. ఇంక నువ్వు రావాల్సిందే."

హుక్కు నా చేతిలో పెట్టాడు. దారం చూశాను. తెగలేదు, కొయ్యలేదు. ఎవరో ఓపిగ్గా విప్పితే మిగిలే వంకరలతో ఉంది. ఆ ముడి నేను వేసింది. దాన్ని నేను విప్పాలన్నా రెండు చేతులూ ఒక పిన్నీసూ కావాలి.

తలెత్తి ఆయన్ని చూశాను. సూదుల దిండు పొద్దున నేను కుడి మణికట్టుకి కట్టి పంపాను. ఇప్పుడు ఎడమ మణికట్టుకి ఉంది. గుండీ పెట్టి ఉంది.

బావ నా చూపు ఎక్కడుందో చూశాడు. కుడిచెయ్యి మెల్లగా వీపు వెనక్కి పోయింది.

మిషను సొరుగులోంచి సూదీ దారమూ తీసి ఆయన ముందు పెట్టాను. "హుక్కు మళ్లీ కుట్టాల కదా. దారం ఎక్కించు."

నా మొహంలోకి చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు. సూది ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి వెనకనుంచి వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ వణుకుతూ దారం కొసని పట్టుకున్నాయి. మొదటిసారి పక్కకి పోయింది. మళ్లీ పక్కకే పోయింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. వదిలేసి లేచిపోతాడేమోనని నాకు భయం వేసింది.

మిషను చెక్కని అరచేత్తో బాదాను.

"కంగారు పడకు బావా. కొంచెం ఎడమకి. ఎడమకి... ఆపు. ఇప్పుడు ముందుకి పోనీ. పోనీ... పోనీ... పోనీ..."

దారం దూరింది. సూదిని అలాగే పట్టుకుని కూర్చున్నాడు, కిందపెడితే ఎవరైనా పట్టుకుపోతారన్నట్టు. నేను తీసుకుని జాకెట్టుకి గుచ్చుకున్నాను.

ఆ సూదితో ఆ హుక్కు మాత్రం నేను కుట్టలేదు. తర్వాతి ఆదివారం వానపాముల డబ్బా పట్టుకుని బావ వెంట నేనూ ఏటికి వెళ్లాను.