కుడి పెడల్

ఆ చిన్న విమానాల క్లబ్బులో ఆమెను అందరూ స్పానరక్క అంటారు. పదహారేళ్లుగా శిక్షణ విమానాలు బాగుచేయడమే ఆమె పని. నిజానికి పైలట్ కావాలనుకుంది. ఎడమ చెవి సరిగా వినపడదని డాక్టరు కాగితం మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

చెల్లెలికి ఆ పిచ్చి తనే అంటించింది. సెలవు రోజుల్లో వెంట తీసుకెళ్లి, సీట్లో కూర్చోబెట్టి, ఏ మీట దేనికో చెప్పింది. తీరా చూస్తే చెల్లెలు పైలటయి కూర్చుంది. ఇంటికెవరొచ్చినా అమ్మ "మా చిన్నది విమానం నడుపుతుంది" అని మొదలుపెట్టేది. మరి పెద్దమ్మాయో అంటే, "అదీ అక్కడే ఏదో చేస్తుందిలెండి" అనేది. ఆ 'ఏదో' అక్కకి ముల్లులా గుచ్చుకునేది.

ఆ ఉదయం ఎడమవైపు నుంచి గాలి బలంగా వీస్తోంది. తోక కింద బుల్లి చక్రం ఉండే పాత రెండు సీట్ల విమానాన్ని అక్క అంతా చూసి, సంతకం పెట్టి, షెడ్డు గుమ్మంలో నిలబడింది. చెల్లెలు ఒక్కతే బయల్దేరింది. వేగం అందుకుని తోక లేచిన క్షణంలో విమానం ముక్కు ఎడమకు తిరిగింది. ముక్కు మళ్లీ తిన్నగా రావాలంటే వెంటనే కుడి పెడల్ తొక్కాలి. చెల్లెలు తొక్కేసరికే ఆలస్యమైపోయింది. విమానం రన్‌వే దాటి గడ్డిలోకి దూకి, గిర్రున తిరిగి, కుడి రెక్కను నేలకు ఈడ్చుకుంటూ ఆగింది.

అక్క మనసులో ముందు మెదిలింది భయం కాదు. 'నేనైతే తొక్కేదాన్ని' అన్న సంతోషం. ఆ తర్వాతే పరిగెత్తింది.

చెల్లెలికి పెదవి చిట్లింది, అంతే.

విచారణకొచ్చిన అధికారి తోక చక్రాన్ని కాలితో కదిపి, "ఇది బిగుసుకుపోయిందేమో! పొద్దున చూసిందెవరు?" అన్నాడు. అక్కకి ఒళ్లు మండింది. తప్పు చెల్లెలిదేనని చెప్పడానికి నోరు తెరిచింది. ఈలోగా చెల్లెలే అందుకుంది.

"చక్రం బాగానే ఉంది సార్. మా అక్క చూశాక వంక పెట్టడానికి ఏముంటుంది? నేనే పెడల్ ఆలస్యంగా తొక్కాను."

ఎంత నిజాయితీ అని క్లబ్బంతా మెచ్చుకుంది. విమానం విరగ్గొట్టినా పొగడ్తలు దానికేనా అని అక్క లోలోపల కుతకుతలాడింది.

రెక్క బాగుచేయడానికి రెండు నెలలు పట్టింది. చెల్లెలు రోజూ వచ్చి రంగు వేసేది.

"నా మీద కోపమా అక్కా?"

"కోపం కాదే. కుళ్లు."

చెల్లెలు బ్రష్షు ఆపింది. "తెలుసులే. నేను మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు అందరూ చప్పట్లు కొడితే, నువ్వు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డావు."

అక్క స్పానరు అందుకుని మళ్లీ రెక్క మీదికి వంగింది.

విమానం సిద్ధమయ్యాక పరీక్షకు చెల్లెలే నడపాలి. "ఎక్కు. నువ్వు బాగుచేసిందేగా" అంది. నడిపే యోగ్యత లేనిదాన్ని సామానులా ఎందుకెక్కాలని ఇన్నేళ్లూ భీష్మించుకున్న అక్క, ఆ రోజెందుకో వెనక సీట్లో కూర్చుంది. అక్కడా, ముందు సీటు పెడళ్లతో కలిసి కదిలే పెడళ్లున్నాయి. కాళ్లు ఆనీ ఆనకుండా పెట్టుకుంది.

పరుగు మొదలైంది. తోక లేచింది. 'ఇప్పుడు తొక్కాలి' అని అక్క అనుకునేలోపే, ఆమె అరికాలి కింద కుడి పెడల్ దానంతటదే ముందుకు కదిలింది. ముందు సీట్లో చెల్లెలు తొక్కేసింది. చక్రాలు నేలను వదిలాయి.

తను ఆలస్యమయ్యేదని అక్కకి అర్థమైంది. కుళ్లు పోలేదు. కాకపోతే ఈసారి, కుళ్లుకోవడానికి చెల్లెలు తగినదే అనిపించింది.