ఎర్ర చుక్కల లైట్లు

గంగరాజు గారు సంతలో పావుకిలో వంకాయలు కొన్నా గంపలో అడుగునున్నవి పైకి తీయించి చూస్తారు. ఒడిశాలోని రాయగడలో, స్టేషను వెనక వీధిలో ఆయన ఇంటి తలుపుకి మూడు తాళాలు. రెండు దొంగల కోసం, మూడోది ఆ రెండు తాళాల మీద నమ్మకం లేక. గ్యాసు కట్టేశానని భార్య బంగారమ్మ చెప్పినా సరే, లేచి వెళ్ళి ఓసారి తిప్పి చూసి వస్తేగాని ఆయనకి అన్నం సహించదు. ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో ఆవిడ దీనికి కోపం తెచ్చుకోవడం ఏనాడో మానేసింది.

అలాగని తప్పంతా ఆయనదే అనడానికీ లేదు. టెక్కలి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే పనిలో ముప్ఫై నాలుగేళ్ళు చేసిన మనిషి. ఆ పనిలో నమ్మడమే నేరం. సిగ్నలు దీపాలకి కరెంటు అందించే రిలే పెట్టె తెరవాలంటే ముందు స్టేషను మాస్టరుకి కాగితం రాసివ్వాలి, ఆయన సంతకం పెట్టాలి, ఎన్నింటికి విప్పిందీ ఎన్నింటికి బిగించిందీ రాయాలి. అంతా అయ్యాక దూరంగా నడిచి వెళ్ళి, దీపం వెలిగిందో లేదో కంటితో చూసుకోవాలి. గంగరాజు గారికి పేరొచ్చింది అక్కడే. దీపం కాస్త కొడిగట్టినా కిలోమీటరు దూరం నుంచే పట్టేసేవారు. ఇప్పుడు ఆయన జాగాలో పనిచేస్తున్న సుశాంత్ కొత్తగా చేరినవాళ్ళకి ‘గంగరాజు గారి కన్ను’ గురించి కథలు కథలుగా చెప్తాడు. పక్కనే ఉంటే ఆయన వద్దనరు, వింటారు.

ఆ కొలువులో నేర్చుకున్న సూత్రం ఒకటి ఆయన బుర్రలోంచి ఎప్పటికీ పోలేదు. సిగ్నల్ మసగ్గా కనబడిందంటే తప్పు దీపానిదో, తీగదో, రిలేదో అయ్యుండాలి. చూసేవాడి కన్నుది మాత్రం కాదు, ఎందుకంటే వాడి కన్ను బాగుందని రైల్వే డాక్టరు సంతకం పెట్టి ఉంటాడు. రిటైరై ఆరేళ్ళయింది. ఆ సంతకం ఇంకా చెల్లుతుందనే గంగరాజు గారి ఉద్దేశం.

ఆయనకో పాత తెల్ల మారుతి ఎనిమిది వందలు ఉంది, రెండువేల మూడు నాటిది. ఒక్కగానొక్క కూతురు శ్వేత కల్యాణసింగ్‌పూర్ ఆసుపత్రిలో నర్సు. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం డ్యూటీ దిగాక ఇంటికొస్తుంది. ఆ వేళకి బస్సుండదు. ఆటో ఎక్కించుదామంటే ఆటోవాడి ముఖం చూసి నమ్మేదెలా? అందుకని ప్రతి శనివారం ఆయనే వెళ్ళి కూతుర్ని తెచ్చుకుంటారు. ఉద్యోగం అయిపోయాక ఆయనకి మిగిలిన డ్యూటీ అదొక్కటే. అది కూడా పోతే ఇంక తను దేనికీ పనికిరానని ఆయనకి లోలోపల భయం.

జనవరిలో ఓ శనివారం అలా వెళ్తూంటే, ఓ వంపులో కల్వర్టు రాయి తగిలి బంపరు ఎడమ మూల పగిలింది. ఆ పక్క లైటు అద్దం బీటలు వారింది. అప్పటికి ఆరు గంటలు. ఆ రాయి ఎన్నేళ్ళ నుంచో అక్కడే ఉంది.

“లైట్లు సచ్చిపోయేయి. లేపోతే అంత రాయి నాకు కనబడదేటి?” అన్నారు ఇంటికొచ్చి.

బంగారమ్మ పప్పు వడ్డిస్తూ, “ఆడలేక మద్దెల ఓడని...” అని గొణిగింది.

“ఏటంతన్నావు?”

“ఏటీ లేదు, తినండి.”

కారు తన తమ్ముడికి ఇప్పిద్దామని ఈవిడ చూస్తోందేమోనని ఆయనకి మొదట్నుంచీ ఓ అనుమానం. ఆ రోజు అది ఇంకాస్త బలపడింది.

మర్నాడే కారు తీసుకుని అసిరయ్య దగ్గరికి వెళ్ళారు. అసిరయ్య బైపాసు పక్కన రేకుల షెడ్డులో పాత కార్లకి వైరింగు పని చేస్తాడు. నలభై ఐదేళ్ళ మనిషి, సాలూరు వైపువాడు. గంగరాజు గారిని మావయ్యా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళందరూ ఒకరికొకరు ఏదో ఒకటి అవుతారు, అంతే.

అసిరయ్య బానెట్టెత్తి చూశాడు. “దీనికి తయారైనపుడే సన్న తీగలేసేరు మావయ్యా. బేటరీ దగ్గరున్న కరెంటు బల్బుకి సేరేసరికి సగం అయిపోద్ది. రిలేలు కట్టి దొడ్డు తీగ లాగుతాను. లోపల వెండిపూత పోయింది, లైట్లు రెండూ కొత్తవే ఎయ్యాలి. బంపరు మూల అతికేసి, కింద రెండు బెజ్జాలు కోసి పసుపుపచ్చ లైట్లు పెడతాను. ఘాటీ రోడ్డులో మంచు పడినపుడు పనికొస్తాయి.”

“తెల్లవి పెట్టు.”

“మంచులో తెల్ల లైటు గోడలాగ ఎదర నిలబడిపోద్ది మావయ్యా.”

“పోనీ నూరు వాట్ల బల్బులెయ్యి.”

“ఎయ్యను. తీగలు మాడిపోతాయి. ఎదరొచ్చేవోడి కళ్ళు పోతాయి.”

వచ్చిన పనిని వద్దనే మేస్త్రీని గంగరాజు గారు జన్మలో చూడలేదు. వద్దంటున్నాడంటే వెనకాల ఏదో ఉండి తీరాలి. ఇంటికెళ్ళి కూతురి గోళ్ళరంగు సీసా తెచ్చారు. అసిరయ్య తెప్పించిన కొత్త లైట్ల వెనక, రిలేల పక్కన, బల్బుల అడుగున, కనబడిన ప్రతి సామాను మీదా ఎర్ర చుక్క పెట్టారు. సరుకు మార్చేస్తే దొరికిపోతాడని. అక్కడితో ఆగలేదు. షెడ్డులో స్టూలు వేసుక్కూర్చుని ఒక నోటుబుక్కు తెరిచారు. ‘ఎడమ లైటు విప్పడమైనది, పది ఇరవై’ అని రాసి అసిరయ్య చేత సంతకం పెట్టించారు. బంపరు కోసినప్పుడో సంతకం, అతికినప్పుడో సంతకం. పక్కన టీకొట్టు దగ్గర జనం కడుపులు పట్టుకుని నవ్వారు. అసిరయ్య నవ్వలేదు. ప్రతిసారీ చేతులు గుడ్డకి తుడుచుకుని, వంగి సంతకం పెట్టాడు.

రెండు రోజుల్లో కారు ముఖమే మారిపోయింది. కొత్త అద్దాలు తళతళలాడాయి, బంపరులో పచ్చ లైట్లు అమిరినట్టు కూర్చున్నాయి. గంగరాజు గారు చుట్టూ రెండుసార్లు తిరిగి వంక దొరక్క ఇంటికి తీసుకెళ్ళారు.

శనివారం వచ్చింది. చీకటి పడి లైట్లు వేస్తే ఏముంది, మళ్ళీ అదే వరస. వెలుగు చెదిరిపోయి తెల్లగా అలుముకుందిగాని రోడ్డు కనబడలేదు. ఎదురుగా వచ్చే ప్రతి బండి దీపం చుట్టూ గూడు కట్టినట్టుంది. తిరుగు దారంతా ఓ లారీ వెనక ఎర్ర దీపం పట్టుకుని పాకుతున్నట్టు నడిపారు.

“ఎందుకు నాన్నా ఇంత మెల్లగా?” అంది శ్వేత.

“దొంగ సరుకేసేడమ్మీ. రేపు సెప్తాను ఆడి పని.”

చెప్పడానికి వెళ్ళేటప్పుడు కరెంటు కొలిచే తన సర్వీసు నాటి మీటరు పట్టుకెళ్ళారు, సాక్షిగా సుశాంత్‌ని కూడా. ఆదివారం పొద్దున్న టీకొట్టు దగ్గర రైల్వేవాళ్ళు పదిమంది ఉన్నారు. కళ్ళజోడు మర్చిపోయానని అంకెలు సుశాంత్ చేత చదివించారు. బేటరీ దగ్గర పదమూడు పాయింటు ఆరు వోల్టులు. బల్బు దగ్గర పదమూడు పాయింటు నాలుగు. అంతకంటే బాగా ఉండడానికి వీల్లేదు. గంగరాజు గారు మీటరు అటూ ఇటూ తిప్పి, ఇది పాతబడిపోయిందన్నారు. ఇంక మిగిలింది ఎర్ర చుక్కలు. బానెట్టులోకి తల దూర్చి వెతికారు.

“ఎడం లైటుకి సుక్క ఏది?” అన్నారు లేచి. గొంతు వీధి చివరికి వినిపించింది. “సుక్క లేదు. నా కొత్త లైటు తీసేసి పాత సరుకు పెట్టేవు. దొంగవి నువ్వు! సంతకాలు పెడుతూనే దొంగతనం సేసేవు!”

టీకొట్టు దగ్గర తలలన్నీ ఇటు తిరిగాయి. అసిరయ్య ముఖం నల్లబడింది. అయినా నెమ్మదిగా వచ్చి లైటు వెనక వేలు పెట్టాడు.

“ఇదిగో సుక్క, మావయ్యా.”

“ఏదీ?”

“నా వేలు పక్కనే ఉన్నాది.”

“అక్కడేటీ లేదు. నన్ను ఎర్రోణ్ణి సెయ్యకు!”

అసిరయ్య ఆయన ముఖంలోకి తేరిపార చూశాడు. తర్వాత బానెట్టు దించేశాడు. సుశాంత్ ఏదో అనబోయి, పెద్దాయనతో ఎందుకులే అని ఊరుకున్నాడు. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా, గంగరాజు గారు దాన్ని పూర్ణాంగీకారంగా తీసుకుని ఇంటికెళ్ళిపోయారు.

చిన్న ఊళ్ళో పుకారుకి కాళ్ళు ఎక్కువ. గంగరాజు గారంతటి మనిషి అన్నారంటే ఊరికే అంటారా అన్నారు జనం. ఆయన ఊరికే అంటారనీ, పాలవాణ్ణీ పేపరువాణ్ణీ కూడా అన్నారనీ ఆ సమయానికి ఎవరికీ గుర్తు రాలేదు. రైల్వేవాళ్ళు బళ్ళు ఇంకో షెడ్డుకి తోలడం మొదలెట్టారు. ఒక స్కూలువాళ్ళు వైరింగుకిచ్చిన వ్యాను సగం పనిలో వెనక్కి తీసుకుపోయారు. అసిరయ్య భార్య చిలకమ్మ కూరల బజారులో బంగారమ్మ ఎదురుపడితే ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది.

“చిలకమ్మ నాతో మాటాడ్డం మానేసిందండీ,” అంది బంగారమ్మ.

“దొంగ పెళ్ళాం మాటాడకపోతే మనకి పోయిందేటి?”

బంగారమ్మ గిన్నె నేలమీద ఠప్పున పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఆవిడా మాట్లాడలేదు.

మళ్ళీ శనివారం నాలుగింటికి కారు తీస్తూంటే గేటు దగ్గర అసిరయ్య నిలబడి ఉన్నాడు.

“ఈయేళ నన్ను కూడా తీసుకెళ్ళండి మావయ్యా. లైటు ఎక్కడ మసగ్గా ఉన్నాదో నాకూ సూపించండి. నిజంగా మసగ్గా ఉంటే షెడ్డు ఎత్తేసి ఈ ఊరొదిలి పోతాను.”

దారిలో వీడు ఏం చేస్తాడోనన్న శంక రాకపోలేదు. కాని కళ్ళెదుటే దొంగని పట్టుకునే అవకాశం ఎవరొదులుకుంటారు? సీటు కింద ఓ పానా దాచుకుని మరీ ఎక్కించుకున్నారు.

కొండల నీడ రోడ్డు మీద పడే వేళకి లైట్లు వేశారు.

“సూసేవా? ఏటైనా కనబడతన్నాదా నీకు?”

“కనబడతన్నాది మావయ్యా. అదిగో మైలురాయి. దాని మీద అంకె కూడా కనబడతన్నాది.”

“అబద్ధాలకోరు!”

ఇంకో అరకిలోమీటరు వెళ్ళారో లేదో అసిరయ్య ఉన్నట్టుండి, “ఆపండి! మనుషులు, మనుషులు!” అని అరుస్తూ చేతిబ్రేకు పట్టుకుని లాగేశాడు. కారు పక్కకి జారి, ఓ కుదుపు కుదిపి ఆగిపోయింది.

గంగరాజు గారికి ఎదురుగా ఉత్త తెల్లటి మసక. ఆ మసకలోంచి, బానెట్టుకి మూరెడు దూరంలో, ఒక ఆకారం కదిలింది. నెత్తిన గంప, చంకలో పసిబిడ్డ. వెనక ఇంకో ఏడెనిమిది మంది, సంత నుంచి తిరిగి వస్తున్నవాళ్ళు. ఆ మనిషి లైటు పడకుండా కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అలాగే కిటికీ దగ్గరికి వచ్చి ఒడియాలో దులిపేసింది.

“ఎతే లైటు! తముకు దిశునీ?”

ఇంత వెలుగు పెట్టుకుని నీకు కనబడదా అని. గంగరాజు గారు ఇంజను ఆపేశారు. ఆ బిడ్డ ఏడుపు మొదలెట్టింది. పక్క సీటు వైపు చూశారు. ప్రతి శనివారం అందులో శ్వేత కూర్చుంటుంది. చలికాలమంతా కూర్చుంది. కూతురు ఎవరి ఆటోలో ఎక్కితే ఏం జరుగుతుందోనని హడలిపోయిన మనిషి తనే. తాళం అసిరయ్య చేతిలో పెట్టి, దిగి, అటుపక్కకి వెళ్ళి కూర్చున్నారు.

ఆసుపత్రి గేటు దగ్గర డ్రైవరు సీటులో అసిరయ్యని చూసి శ్వేత కంగారుపడింది.

“నాన్నకేటయ్యింది?”

“అమ్మీ, నా కళ్ళు ఓసారి సూడు,” అన్నారు గంగరాజు గారు.

శ్వేత ఫోను లైటు వేసి చూసింది.

“రెండు కళ్ళకీ పొరలొచ్చేసేయి నాన్నా. బాగా ముదిరిపోయేయి. ఆపరేషను సేయించాలి. ఇన్నాళ్ళూ ఇలాగే నడిపేవా?”

తెల్లారి ఆదివారం. టీకొట్టు దగ్గర మళ్ళీ ఆ పదిమందే, సుశాంత్‌తో సహా. గంగరాజు గారు నడిచి వచ్చారు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

“కిందటి ఆదివారం ఇక్కడే నిలబడి అసిరయ్యని దొంగన్నాను. ఆడు దొంగ కాడు. లైట్లు బంగారంలా ఉన్నాయి.” తర్వాతి మాట ఆయన ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసునీ నలుగురి ముందు నేల మీద పెట్టే మాట. “నాకు కళ్ళు కనబడ్డం లేదు.”

సుశాంత్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. షెడ్డులో అసిరయ్య ఏదో తీగకి టేపు చుడుతున్నాడు. గంగరాజు గారు దగ్గరికెళ్ళారు.

“నీకు ముందే తెలుసేట్రా?”

“సుక్క మీద వేలెట్టి సూపించినపుడే తెలిసిపోయింది మావయ్యా.”

“మరి నోరిప్పి సెప్పొచ్చు గదా! దొంగననిపించుకుని, పని పోగొట్టుకుని, ఎందుకూరుకున్నావు?”

అసిరయ్య టేపు కొరికి తెంపాడు. “సెప్తే నమ్ముదురా?” అన్నాడు.

గంగరాజు గారు అక్కడే నిలబడి, ఆ ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించారు.

“నమ్మను,” అన్నారు. “నా కారు కొట్టేద్దారని సూస్తన్నావనుకుందును.”