తుప్పు పట్టే కత్తి

పరంధామయ్య పిరికివాడు. అమెరికాలోని షాంటిలీ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది, దాచేదేమీ లేదు. ఉరిమితే చాలు, టీవీ ప్లగ్గు పీకేస్తాడు. వెనకాల పోలీసు కారు కనబడితే, ఏ తప్పూ చెయ్యకపోయినా, చెమటలు పట్టి తన కారు పక్కకి తీసి ఆపేస్తాడు. పాతికేళ్ళకు పైగా వంతెనలు తనిఖీ చేసే ఇంజినీరుగా పనిచేస్తూ, ఒక్క వంతెన మీంచి కూడా కిందికి తొంగి చూడలేదంటే ఆ మనిషి ఎలాంటివాడో మీరే చెప్పండి. అలాంటివాడికి వేటకత్తుల పిచ్చి పట్టింది. వినడానికి విడ్డూరమే మరి!

దానికి మూలం డేల్ అని ఆఫీసులో ఒక పెద్దాయన. రిటైరయ్యే రోజున, జింకల వేటలో తను వాడుకున్న పాత కత్తిని పరంధామయ్య చేతిలో పెట్టి వెళ్ళాడు. మడత కత్తి కాదు. పదునైన అలుగు మొన దగ్గర్నుంచి పిడి చివరిదాకా ఒకే ఉక్కు ముక్క. దాన్ని పట్టుకోగానే ఈయన చెయ్యి వణకడం మానేసిందట. ఏం మాయో! అప్పట్నుంచి ఊళ్ళో ఎగ్జిబిషన్ హాల్లో కత్తుల సంత జరిగినప్పుడల్లా హాజరు. బల్లల మధ్య పొద్దస్తమానం తిరిగి, ఒక్కటంటే ఒక్కటి ఎంచి తెచ్చుకునేవాడు.

ఎంచడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. పిడి పిడికిట్లో నిండుగా కూర్చోవాలి. వేలు అలుగు మీదికి జారకుండా ఆగే చోటుండాలి. నెత్తురుతో తడిసినా పట్టు తప్పకూడదు. ఈ చివరి మాట దగ్గర శుద్ధ శాకాహారి అయిన పరంధామయ్య గొంతు తగ్గించేవాడు. ఆయన కత్తుల్లో ఒక్కటి కూడా ఏనాడూ టమాటా పండైనా కోసి ఎరగదు. బేస్‌మెంట్‌లో గాజు మూత పెట్టెలో, ఆకుపచ్చ బట్ట మీద, దేని గుంటలో అది పడుకుని ఉండేది. ఒరలు వేరే డబ్బాలో ఉండేవి, తోలు ఒరలో ఉంచేస్తే చెమ్మ చేరి తుప్పు పడుతుందని. తాళంచెవి మాత్రం దేవుడి అర పక్క మేకుకి వేలాడేది.

"ఇన్ని కత్తులున్న ఇంట్లో బీరకాయ తరగడానికి నాకు దిక్కు లేదు" అని దెప్పేది ఆయన భార్య దమయంతి.

రెండువేల పదకొండు వేసవిలో వాళ్ళ కూతురు రాగిణి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అల్లుడు అనీష్ పాపని చూసి, సెలవు అయిపోగానే కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి ఉద్యోగానికి తిరిగి వెళ్ళాడు. అప్పుడు మొదలైంది. రాగిణికి నిద్ర లేదు. కాస్త కన్ను మూతపడితే చాలు, కెవ్వున అరిచి లేచి కూర్చునేది. ఏం కల వచ్చిందే అంటే చెప్పదు.

ఆ రోజుల్లోనే ఓ సాయంత్రం పరంధామయ్య కత్తులకి నూనె పూస్తుంటే దమయంతి కిందికి దిగి వచ్చింది.

"ఏవండీ, వీటిల్లో అసలైన ఇనుము ఏది?"

ఆయన ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ఇన్నేళ్ళకి ఈవిడ ఒక ప్రశ్న అడిగింది! ఇదంతా స్టెయిన్‌లెస్ అనీ, మెరుస్తుందే తప్ప పదును నిలవదనీ, ఇదిగో ఈ డేల్ కత్తిది పాతకాలపు ఉక్కు అనీ, ఏమరితే తుప్పు పడుతుందనీ, తుప్పు పట్టేదే నిజమైన సరుకనీ దంచి కొట్టాడు. ఆవిడ ఓపిగ్గా విని, బుద్ధిగా తలూపి వెళ్ళిపోయింది.

తరవాత రెండు మూడు రోజులకి, పాపకి టీకా వేయించి వస్తూ ఉండగా, కార్లో వెనక సీట్లోంచి రాగిణి అంది.

"నాన్నా, కార్ ఆపు. నాకు పిచ్చి థాట్స్ వస్తున్నాయి. కిచెన్‌లో నైఫ్ చూస్తే... పాపకి నేను ఏమైనా చేసేస్తానేమో అని. నేను చెయ్యను నాన్నా. కానీ కళ్ళ ముందు బొమ్మలా కనబడుతుంది. నా చేతులు చూస్తే నాకే భయం."

 ఆ పిరికివాడు ఆ రోజు ఒక్క మంచి పని చేశాడు. కారు మళ్ళీ ఆ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికే తిప్పాడు. ఆవిడ రాగిణితో చాలాసేపు మాట్లాడి, తరవాత ఈయన్నీ లోపలికి పిలిచింది. కొత్త తల్లుల్లో చాలామందికి ఇలాంటి ఆలోచనలు వస్తాయనీ, వాటికి ఇంతగా హడలిపోయేవాళ్ళు అలాంటి పని చెయ్యడం చాలా అరుదనీ, మందు ఇస్తాననీ, వారం వారం కౌన్సెలర్ దగ్గరికి తీసుకురమ్మనీ చెప్పింది. కొన్నాళ్ళపాటు పదునైనవి తాళం వేసి ఉంచితే అమ్మాయి మనసు కుదుటపడుతుందని కూడా అంది.

"అమ్మకి చెప్పొద్దు, ప్లీజ్" అంది రాగిణి. సరేనన్నాడు.

ఇంటికి రాగానే మేకుకున్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. వంటింటి కత్తుల్ని కూడా ఒక సొరుగులో పెట్టి తాళం వేసి, కూరలు తరిగే పని తన నెత్తిన వేసుకున్నాడు. ఈ వయసులో మొగుడికి బుద్ధొచ్చిందని దమయంతి మురిసిపోయింది.

"నాన్నా, నీ నైఫ్స్ అన్నీ లాక్‌లోనే ఉన్నాయా?" అని అడిగింది రాగిణి ఆ రాత్రి.

"అన్నీ లోపలే ఉన్నాయమ్మా" అన్నాడు ఆయన, పెట్టె తెరిచి చూడకుండానే.

రాగిణి ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, తలూపి, మేడ మీదికి వెళ్ళింది. తరవాతి రోజుల్లో పిల్ల కొంచెం తేరుకుంది, కేకలు తగ్గాయి. ఈయన మాత్రం చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునేవాడు. అన్నం సహించేది కాదు.

ఆ శనివారం ఉక్కపోతగా ఉంది. దమయంతి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళింది. రాగిణి మేడ మీద పాపకి స్నానం చేయిస్తోంది. ఈ చెమ్మకి కత్తులు పాడైపోతాయని పరంధామయ్య నూనె సీసా పట్టుకుని కిందికి దిగి, గాజు మూత ఎత్తాడు.

డేల్ కత్తి గుంట ఖాళీగా ఉంది.

మొదట అర్థం కాలేదు. బట్ట తడిమాడు. ఒరల డబ్బా కుమ్మరించాడు, దాని ఒర కూడా లేదు.  తాళంచెవి తన జేబులోనే ఉంది. కానీ పడుకునేటప్పుడు ప్యాంటు తలుపు వెనకాల తగిలిస్తాడు కదా, ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరైనా అంటే ఎవరు? ఇంట్లో ఉన్నదెవరు? ఆ పేరు మనసులోకి రాగానే నూనె సీసా కింద పెట్టేశాడు. భగవంతుడా, నా పిల్లకి ఆ గతి పట్టించకు!

పైన పాప ఏడుస్తోంది. ఉన్నట్టుండి ఆ ఏడుపు టక్కున ఆగింది.

మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. స్నానాలగది తలుపు మూసి ఉంది. లోపల నీళ్ళ చప్పుడు.

"రాగిణీ!" పలకలేదు. "రాగిణీ! తలుపు తియ్యమ్మా!" గొంతు కీచుగా వచ్చింది.

తలుపు తెరుచుకుంది. తువ్వాల్లో చుట్టిన పాప వేలు చీకుతూ తల్లి భుజం మీద ఉంది. రాగిణి జుట్టు నిండా సబ్బు నురగ.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదమ్మా... సబ్బు ఉందో లేదోనని..."

నోరు సబ్బు అంటోంది గానీ, చూపు ఆ పిల్ల చేతుల మీంచి కదలడం లేదు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మళ్ళీ కుడి చెయ్యి.

"నా చేతులు ఎందుకు చూస్తున్నావ్ నాన్నా?"

పరంధామయ్య చప్పున చూపు తిప్పుకున్నాడు. తరవాత మెల్లిగా, "డేల్ కత్తి కనబడ్డం లేదమ్మా" అన్నాడు.

రాగిణి మొహం పాలిపోయింది. పాపని హత్తుకుని గదిలోకి నడిచి మంచం మీద కూర్చుంది. అప్పుడే వచ్చిన దమయంతి, కరివేపాకు సంచీ చేత్తో పట్టుకునే పైకి వచ్చి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏమైందండీ? ఆ మొహాలేమిటి?"

"డేల్ కత్తి పోయింది."

"ఓస్, అదా! నేనే తీశాను, మీరు తాళంచెవి జేబులో దాచుకోకముందే. బాలింత దడుచుకుంటుంటే తల కింద ఇనుము పెట్టరూ? నా పురిట్లో మా అమ్మ పెట్టలేదూ? స్టెయిన్‌లెస్ పనికి రాదు కదాని మిమ్మల్నడిగి మరీ తీశాను. రాగిణి దిండు గలీబులోనే ఉంది. చెబితే నవ్వుతారని చెప్పలేదు."

"నీకు మతి పోయిందా!" పరంధామయ్య జీవితంలో మొదటిసారి భార్య మీద అరిచాడు. "దీని తల కింద కత్తి పెడతావా? డాక్టర్ ఏం చెప్పిందో తెలుసా నీకు?"

"ఏ డాక్టరు? ఏం చెప్పింది? నాకు చెబితే కదా తెలిసేది! ఏం జరుగుతోంది ఈ ఇంట్లో?"

"అమ్మా, నేను చెప్తాను" అంది రాగిణి. వచ్చీరాని తెలుగులో, మధ్య మధ్య ఆగుతూ, కార్లో చెప్పిందంతా తల్లికి చెప్పింది. దమయంతి సంచీ కింద పడేసి కూతుర్ని పొదివి పట్టుకుంది.

"తెలీదే తల్లీ. తెలిస్తే పెడతానా!"

"నాకు తెలుసు అమ్మా, అది ఉందని. డాక్టర్ దగ్గరికి వెళ్ళకముందే చేతికి హార్డ్‌గా తగిలింది. ఒరలోంచి తీసి చూశాను. చాలా భయం వేసింది. పాప పక్కనే ఉంది. కానీ ఏం అవ్వలేదు. మళ్ళీ పెట్టేశాను." రాగిణి తండ్రి వైపు తిరిగింది. "ఆ నైట్ నువ్వు అన్నీ లోపలే అన్నావ్. ఒకటి లేదని నాకు తెలుసు. నీకూ తెలుసు అనుకున్నాను నాన్నా. మీరిద్దరూ కలిసి పెట్టారు, నేను చెప్పాక కూడా నువ్వు తియ్యలేదంటే నేనేం చెయ్యనని నీకు నమ్మకం అనుకున్నాను. అందుకే నిద్ర పట్టింది నాకు."

పరంధామయ్య తల దించుకున్నాడు. ఆ పిల్లకి ధైర్యం ఇచ్చింది ఇనుమూ కాదు, మందు ఒక్కటే కూడా కాదు. తండ్రికి లేని నమ్మకం ఉందనుకుని ఆ పిల్ల ఇన్నాళ్ళూ నిద్రపోయింది. ఆ చేతుల వైపు చూసిన చూపుని ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎలా? కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

రాగిణి లేచి పాపని ఆయన ఒళ్ళో పెట్టింది. దిండు గలీబులోంచి కత్తి తీసింది. రెండో చెయ్యి చాచింది.

"కీ ఇవ్వు. నేను పెట్టేసి వస్తాను."

ఇచ్చాడు. ఆమె కత్తి పట్టుకుని ఒక్కతే మెట్లు దిగిపోయింది. ఆయన లేవబోతే దమయంతి భుజం మీద చెయ్యి వేసింది. 

"కూర్చోండి" అంది.

కూర్చున్నాడు. ఒళ్ళో పాప, చెవులు బేస్‌మెంట్‌లో. కింద ఏ చప్పుడూ లేదు. ఇంకా లేదు. వెళ్ళాలి, వెళ్ళకూడదు, వెళ్ళాలి. ఆయన పళ్ళు బిగించి పాప పాదం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎంతసేపటికో గాజు మూత పడిన చప్పుడు, తాళం తిరిగిన చప్పుడు. తరవాత మెట్ల మీద అడుగులు.

"కొంచెం రస్ట్ పట్టింది నాన్నా. ఆయిల్ రాశాను" అంటూ రాగిణి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉంచు. డాక్టర్ చెప్పింది కదా."

ఇంకో రోజైతే తుప్పు అన్న మాట వినగానే ఆయన పరిగెత్తేవాడే. ఇప్పుడు మాత్రం కూతురి చేతిని రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళకద్దుకుని, వదలలేదు.

ఆ రాత్రి పక్క మీద వాలితే తలకి గట్టిగా ఏదో తగిలింది. దిండు ఎత్తి చూశాడు. ఇనప అట్లకాడ.

"ఇదేమిటే?"

"దడుచుకున్నవాళ్ళకే కదండీ పెట్టేది" అంది దమయంతి అటు తిరిగి పడుకునే. "అసలైన ఇనుమే, తుప్పు కూడా పడుతుంది. పడుకోండి."

పరంధామయ్య దాన్ని తీసెయ్యలేదు. దిండు సర్దుకుని పడుకున్నాడు.