తొంభై ఏడో అడుగున ఎరిస్

ఎస్తర్ రాణి గారి వీడ్కోలు సభకి ఆవిడ జీవిత విశేషాలు రాయమని హెడ్మాస్టరు నన్ను అడిగాడు. తెలుగు మేష్టార్ని కాబట్టి పొగడ్తలు నా చేతిలో పని అని ఆయన నమ్మకం. మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని స్కూలంతటికీ తెలుసు. ఆవిడంటే నాకు పడదు, నేనంటే ఆవిడకి అసలే పడదు. అయినా ఒప్పుకున్నాను. నేను చెప్పాల్సిన మాట ఒకటి పన్నెండేళ్లుగా అలాగే ఉండిపోయింది.

ఆవిడ పుట్టింది 1950లో, ఎస్. రాయవరంలో. తండ్రి ప్రేమరాజు గారు కాంపౌండరు. మందు కొలిచినట్టు మాట్లాడడం ఆవిడకి ఆయన దగ్గర్నుంచే వచ్చి ఉంటుంది. 1975లో నర్సీపట్నం వచ్చి, చర్చి వాళ్లు నడిపే మా హైస్కూల్లో సైన్సు అసిస్టెంటుగా, అంటే టీచరుగా, చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లని "మీరెందుకు సేసుకున్నారు?" అని ఎదురు అడిగేది.

నేను 1994లో చేరాను. చేరిన వారానికే, సూర్యోదయ వర్ణన పద్యం చెబుతుంటే ఆవిడ వరండాలోంచి కిటికీలో తల పెట్టి, "సూర్యుడు ఉదయించడండీ, భూమి తిరుగుతాది. పిల్లలకి సరిగ్గా సెప్పండి" అని పోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

ఆ ఏడాదే ఆవిడ రోడ్డు వైపు ప్రహరీ గోడ మీద గ్రహాల బొమ్మలు వేయించింది. గోడ పొడవు అరవై అడుగులు. సూర్యుడికీ భూమికీ మధ్య దూరం ఒక అడుగు అని లెక్క కట్టి, టేపు పట్టుకుని స్వయంగా కొలిచింది. గేటు పక్కన సూర్యుడు, అడుగున్నర లోపలే నాలుగు గ్రహాలు కిక్కిరిసి ఉండేవి. శని తొమ్మిదిన్నర అడుగుల దగ్గర, ప్లూటో నలభై దగ్గర. పైన పేరు రాయమని నాకు చీటీ ఇచ్చింది. అందులో 'సౌర కుటుంబం' అని ఉంది.

నాకు తెలుగు నేర్పడానికి ఈవిడెవరని ఒళ్లు మండింది. చీటీ గోడ కింద పడేసి, ఎనామిల్ పెయింటుతో మూరెడేసి అక్షరాల్లో 'నవగ్రహాలు' అని రాసేశాను.

"ఇది నేనిచ్చిన మాట కాదు" అంది ఆవిడ మర్నాడు.

"తొమ్మిదే కదండీ, లెక్కెట్టుకోండి" అన్నాను.

తనిఖీ రోజు దగ్గర పడడంతో అది అలాగే ఉండిపోయింది. అక్కణ్ణించి మొదలైంది తమాషా. జీడిపిక్కలు అమ్ముకోవడానికి శనివారం శనివారం ఊళ్లోకొచ్చే కామమ్మ, ఆ అక్షరాలు ఎవరిచేతో చదివించుకుని, శని బొమ్మకి నువ్వులనూనె పోసింది. మరుసటి శనివారానికి పదిమంది ఆడవాళ్లు వచ్చారు. యురేనస్‌ని రాహువన్నారు, నెప్ట్యూన్‌ని కేతువన్నారు. పూజించే తొమ్మిదిలో లేదు కాబట్టి ప్లూటోకి మాత్రం ఎవరూ చుక్క నూనె పొయ్యలేదు. ఎస్తర్ రాణి బెత్తం పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది.

"పెద్దచ్చరాల్తో నవగ్రహాలని రాసెట్టి, దణ్ణవెడితే కొడతారేటమ్మా?" అంది కామమ్మ. ఆ మాటకి జవాబు చెప్పాల్సిన నేను స్టాఫ్ రూములో కూర్చుని నవ్వుకుంటున్నాను.

1996లో హెడ్మిస్ట్రెస్ పోస్టు ఖాళీ అయ్యింది. సీనియారిటీలో మొదటి పేరు ఆవిడదే. సరిగ్గా అప్పుడే, చర్చి స్కూలు గోడకి పూజలేమిటని చర్చి పెద్దల కమిటీ విచారణ పెట్టింది. ఆ మాట ఎవరిదని మా ఇద్దర్నీ నిలబెట్టి అడిగారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "మేడమ్ గారు చెప్పినట్టే రాశానండి" అన్నాను.

ఆవిడ "నేను సెప్పింది వేరు" అంది, నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. పోస్టు ఆవిడ కన్నా ఆరేళ్లు జూనియర్‌కి పోయింది.

బొమ్మలు ఉంచి, పేరు మీద మాత్రం సున్నం కొట్టించారు. ప్రతి వానాకాలం సున్నం కారిపోయి నా ఎనామిల్ అక్షరాలు మళ్లీ తేలేవి. ఆ తరవాత పదేళ్లు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఒకే టేబులుకి చెరో వైపు కూర్చుని, అటెండరు దేవుళ్లు చేత కబుర్లు పంపుకునేవాళ్లం. "దేవుళ్లూ, ఆ ఫ్యాను నా మీదికి తిప్పొద్దని సెప్పు" అనేది, నాకు వినిపించేలాగే.

2006 సెప్టెంబరు చివర్లో ఒకరోజు నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

"మేష్టారూ, పేపరు సూశారా? గ్రహాలు ఎనిమిదే అంట. మీ మాట ఇప్పుడు సైన్సు పెకారం కూడా తప్పే. రండి, దిద్దుదురుగాని."

బ్రష్షు పట్టుకుని వెళ్లాను. "ప్లూటో ఏం పాపం చేసింది?" అన్నాను.

"అది సెయ్యలేదు. దానికి అవతల ఇంకోటి దొరికింది. ఎరిస్ అని పేరెట్టారు. ఇంచుమించు ప్లూటో అంతే ఉంటాది. ప్లూటో గ్రహమైతే దాన్నీ గ్రహమనాల. ఈ గొడవెందుకని రెండింటినీ మరుగుజ్జు గ్రహాల్లో పడేశారు. టేపు సివర పట్టుకోండి."

అడుగు లెక్కన ఎరిస్ తొంభై ఏడో అడుగున పడింది. గోడ అరవైకే అయిపోయింది. ఆవిడ ఆగలేదు. టేపు లాక్కుంటూ రోడ్డు వార నడిచి, మత్స్యలింగం టీ బడ్డీ గుంజ దగ్గర నిలబడి, తెల్ల చుక్క పెట్టమంది.

"నా బడ్డీ మీద ఏటి రాస్తన్నారండీ?" అన్నాడు మత్స్యలింగం.

"సూర్యుడి ఎలుతురు ఇక్కడికి రావడానికి పదమూడు గంటలు పడతాది" అంది ఆవిడ. "ఒకసారి సూర్యుణ్ణి సుట్టి రావడానికి ఐదొందల యాభై ఏడేళ్లు. దానికో సందమామ కూడా ఉంది."

"ఎరిస్ అంటే ఏమిటండీ?" అన్నాను.

"గ్రీకుల కలహ దేవత. మనకి సరిపోయింది."

తిరిగొచ్చాక నా అక్షరాలు నేనే గీకాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏం రాయమంటారని అడిగితే, ఆవిడ బ్యాగులోంచి మడత పెట్టిన చీటీ తీసి ఇచ్చింది. పన్నెండేళ్ల కిందటి చీటీ. 'సౌర కుటుంబం.' నేను పడేసిన చోటు నుంచి ఏరుకుంది.

"కమిటీ ముందు నిలబడ్డ రోజు ఇది మీ దగ్గరుందా?" అన్నాను.

"ఉంది."

"మరి చూపించలేదేం?"

"మీరు సెప్తారని సూశాను. తరవాత ఎన్నాళ్లకి సెప్తారో సూద్దావని సూశాను. ఇంకా సూస్తన్నాను. బేగి రాయండి, వానొస్తాది."

రాశాను. అప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. పిరికితనానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. 'నవగ్రహాలు' అన్న మాట నాది. ఆవిడ ఇచ్చింది 'సౌర కుటుంబం'. కమిటీకి నేను చెప్పింది అబద్ధం. శ్రీమతి కాదు, కుమారి ఎస్తర్ రాణి ముప్పై మూడేళ్ల సర్వీసులో చేరింది సైన్సు అసిస్టెంటుగా, రిటైరవుతున్నదీ సైన్సు అసిస్టెంటుగానే. ఆ రెండో 'అసిస్టెంటు' కూడా నేను రాసిందే.

ఇంతవరకు రాసి, తప్పులుంటే చూడమని దేవుళ్లు చేత ఆవిడకి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. ఎరిస్ చుట్టు ఐదొందల డెబ్భై ఏడేళ్లని పొరపాటున రాశాను, ఎర్ర ఇంకుతో యాభై ఏడని దిద్దింది. క్షమించానని ఎక్కడా లేదు. అడుగున ఒక్క వాక్యం ఉంది: "కమిటీ పెద్దలు ముందు వరసలో కూర్చుంటారు, మీరే చదవాలి, మైకులో."