పాప్ పాటలో మా మేనత్త

మా మేనత్త పోయిందని ఈమధ్య ఒకరోజు పొద్దున చేవెళ్ల నుంచి ఫోన్ వచ్చింది. బస్టాండు పక్క గల్లీలో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. ఏడవాల్సిన చోట నాకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఆమెను తలుచుకుంటే ఎప్పుడూ ఇదే వరస.

కుట్టిన జాకెట్టు ఇచ్చేముందు ఆమెకో పద్ధతి ఉండేది. తొడిగించి, "అటక మీది డబ్బా తీస్తున్నట్టు చేతులెత్తు బిడ్డా" అనేది. పెళ్లికూతురైనా ఎత్తాల్సిందే. చంక దగ్గర పట్టేస్తే అక్కడికక్కడే విప్పి మళ్లీ కుట్టేది. అద్దంలో బాగుందా అని అడిగితే, "అద్దానికి కుట్టలే, నీకు కుట్టిన" అనేది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా దొరికిన రోజులవి. మొదటి జీతంతో బండి, రెండో జీతంతో గిటారు కొని, మూడో జీతానికల్లా పాప్ ఆల్బమ్‌కు దిగే కుర్రాళ్లు నగరం నిండా ఉండేవారు. అలాంటి ఒకతను తన పాటను వీడియో తీయమని నన్ను పిలిచాడు. అప్పటిదాకా నేను పెళ్లిళ్లు తప్ప ఏమీ తీయలేదు. ఇది కుదిరితే టీవీ ఛానల్‌లో పని దొరుకుతుందని ఆశ. షూటింగ్ మొయినాబాద్ దగ్గర గులాబీ తోటలో. డాన్సర్ అమ్మాయి బట్టలు మా అత్త కుడుతుందని బుద్ధి గడ్డి తిని నేనే మాటిచ్చాను.

అతను కొలతలు కంప్యూటర్‌లో ప్రింటు తీసి పంపాడు. అత్త ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరి కొలతలురా ఇవి? ఊపిరి పీల్చుకోనీకి జాగ లేదు."

ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ మహానుభావుడు విదేశీ పాట ఒకటి టీవీలో ఆపి, తెర మీది డాన్సర్‌ను స్కేలు పెట్టి కొలిచి, ఆ అంకెల్ని మనిషంతకు పెంచాడు. అంత చదువూ దానికి పనికొచ్చింది.

"టీవీకైతే గలేబు కుడత," అంది అత్త. "మనిషికైతే మనిషిని చూడాలె."

షూటింగ్ రోజు మిషన్‌తో సహా ఆటో ఎక్కి నాతో వచ్చేసింది. తోటలోని గదిలో కూర్చుని ఆ అమ్మాయికి కొలిచి కుట్టింది, చేతులెత్తించి చూసింది. గాయకుడు మొహం ముడుచుకున్నాడు.

"ఇంకా బిగుతుగా ఉండాలి ఆంటీ. చూసేవాళ్లకు నచ్చాలి కదా."

"బిగించండి ఆంటీ, లేకపోతే వేరే అమ్మాయిని పిలుస్తారు," అని ఆ పిల్ల గొణిగింది. "పోయినసారి పిన్నీసులు గుచ్చి ఆడించారు. నాకు అలవాటే."

అత్త మెడలోని టేపు తీసి గాయకుడి ఛాతీకి చుట్టింది.

"చూసేటోళ్లకు నచ్చాలంటే చూసేటోళ్లే తొడుక్కోవాలె. నువ్వే తొడుక్కో బాబు. జర చేతులెత్తు."

పాపం, ఎత్తాడు కూడా. లైట్లు పట్టుకున్నవాళ్లు నవ్వారు, ఆ పిల్ల ఇంకా ఎక్కువ నవ్వింది. బిగుతు మాట మళ్లీ రాలేదు.

తర్వాత నా వంతు. టీవీలో నేర్చుకున్న విద్య కాబట్టి కెమెరాను నడుము దగ్గర మొదలుపెట్టి మెడ దగ్గర ఆపాను. అత్త నా భుజం మీదుగా తొంగి చూసింది.

"తల కోసినవేందిరా?"

"పాటల్ల గిట్లనే తీస్తరత్తా."

"గట్లయితే నా దుకాణంల బొమ్మను తెచ్చుకోకపోయినవా? దానికెట్లాగూ తల లేదు."

నిజంగా సిగ్గేసింది. కెమెరా పైకెత్తాను. ఆ పిల్ల రెండు చేతులూ గాల్లోకి లేపి, నవ్వుతూ ఆడింది. ఆ నవ్వు చూస్తూ నేను ఆ పిల్ల వెనక ఏముందో గమనించలేదు.

నా పక్కనుంచి ఎప్పుడు వెళ్లి నిలబడిందో, వెనక అత్త ఉంది. వీడియో కేబుల్‌లో వచ్చాక చేవెళ్ల అంతా ఆమెనే చూసింది. ఛానల్ ఆయన, "ఆ వెనకాల ఆవిడెవరయ్యా?" అని అడిగి క్యాసెట్ తిరిగిచ్చేశాడు. నేను మళ్లీ పెళ్లిళ్లకే వెళ్లాను. ఆ అమ్మాయి మాత్రం ఎక్కడ ఆడినా బట్టలు మా అత్త కొలతతోనే కావాలని అడగడం మొదలుపెట్టింది. బస్సెక్కి చేవెళ్ల వచ్చి మరీ కుట్టించుకునేది.

దినాలకు ఫోటో కావాల్సి వచ్చింది. అత్త ఎన్నడూ ఫోటో తీయనివ్వలేదు. ఆ పాత క్యాసెట్టే గతి అయింది. స్టూడియో అతను ముఖం వరకే ఉంచి మిగతాది కోసేస్తానన్నాడు.

"ఏం కోయకన్నా," అన్నాను. "మొత్తం మనిషి కావాలె."

ఇప్పుడు గోడ మీద దండ వేసిన పటంలో మొత్తం మనిషి ఉంది. గులాబీల మధ్య, నడుం మీద చేతులు పెట్టుకుని, చూసేవాళ్ల కళ్లలోకి సూటిగా చూస్తోంది.