తునికాకు లెక్క

పదో తరగతి దాకా నందే ప్రతి ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసింది. ఆమెది బాసగూడ వైపు పల్లె. కట్టకు యాభై ఆకులని అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పరు. వారానికి ఏడు రోజులని తెలిసినట్టే అదీ తెలుస్తుంది.

ఇప్పుడామె భోపాల్‌పట్నంలో కాంట్రాక్టు టీచరు. ఈ ఏడు హాస్టల్ బడి ప్రవేశ పరీక్షకు లెక్కల పేపరు ఆమె చేతే రాయించారు. పదిహేడో ప్రశ్న రెండు మార్కులది: "మాసే నలభై కట్టల తునికాకు కట్టింది. మొత్తం ఎన్ని ఆకులు?" కట్టకు ఎన్ని ఆకులో రాయలేదు. తెలియనివాళ్లుంటారన్న ఊహే ఆమెకు రాలేదు. పేపరు సరిచూసిన రాఘవులు సారుకూ రాలేదు. ఆయనా ఈ అడవి పక్కన పెరిగినవాడే మరి.

పరీక్షయ్యాక ప్రశ్నలను జల్లెడ పట్టడమూ వీళ్ల పనే. ఎక్కువ మార్కులొచ్చిన నలభై మందినీ తక్కువ వచ్చిన నలభై మందినీ విడదీసి, ఒక్కో ప్రశ్న ఎటువైపు ఎందరు చేశారో చూస్తారు. పైవాళ్లు ఎక్కువగా చేసినది మంచి ప్రశ్న. పదిహేడోది పైన ఆరుగురే చేశారు, కింద ముప్ఫై ఒక్కరు చేశారు. పైన ఎక్కువమంది ఆకు కోయని బజారు పిల్లలు, కింద ఎక్కువమంది అడవి పల్లెల పిల్లలు.

"ఏంది నందే, నీ లెక్క తెలివైనోళ్లను మొద్దుల్ని జేసి కూసున్నది," అని రాఘవులు నవ్వాడు. కాసేపటికి నవ్వు మానాడు. "తీసెయ్యాలె. రూల్ గంతే."

ఆ ఆరుగురిలో లక్కే అనే పిల్ల ఉంది. సీట్లు ఇరవై, లక్కేది ఇరవయ్యో స్థానం. రెండు మార్కులు పోతే సీటు పోతుంది.

"మళ్ల పరీక్ష పెడ్తే, సారూ?"

"తారీఖు దాటింది. ఉంచుదామంటే, మీవోళ్ల కోసమే పెట్టినవంటరు. జూన్‌ల నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉన్నది."

నందే పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ఉంచితే బజారు పిల్లలకు అన్యాయం. చెప్పని అంకెతో ఎవరు మాత్రం లెక్క చేస్తారు? తీసేస్తే, సరిగ్గా చేసిన పిల్లకు అన్యాయం. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, కోపమంతా తన మీదే. 'కట్టకు యాభై' అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కానీ అది రాసి ఉంటే బజారు పిల్లలంతా చేసేవాళ్లు, లక్కే పేరు ఇరవైలోకి వచ్చేదే కాదు. ఎటు తిరిగినా దారి లేదు. 'ప్రశ్నలో లోపం, రద్దు' అని రాసి సంతకం చేసింది.

వారానికి లక్కే తల్లి జోగే వచ్చింది. బోర్డు మీది పేర్లూ, ఒక లెక్క రద్దయిందన్న నోటీసూ ఎవరిచేతో చదివించుకుని, నేరుగా నందే దగ్గరికి వచ్చింది.

"ఏ లెక్క పోయింది మేడం?"

"ఆకుల లెక్క."

"కట్టకు యాభై గాదా?"

"యాభయ్యే అక్కా."

"మా పిల్ల తప్పు జేసిందా?"

"లేదు. ఒప్పే జేసింది."

జోగేకు అర్థం కాలేదు. ఇందులో అర్థమయ్యేందుకు ఏముంది గనుక.

"ఒప్పు జేస్తే ఎవలు తీసిండ్రు?"

"ఆఫీసోళ్లు," అంది నందే.

జోగే ఆమె చెయ్యి పట్టుకుంది. "అప్పుడు నువ్వు లేవు గావచ్చు. మా దిక్కు పిల్లవు, ఉంటే తియ్యనిస్తవా?"

అప్పుడు లేనన్నట్టు నందే తలూపింది.