యుకులేలీ మాస్టరు మీద నా నివేదిక

రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యే ముందటి ఏడు నన్ను నాగర్‌కర్నూలు కచేరీ నుంచి ఒక సంస్థానానికి విద్యాశాఖ పేష్కారుగా పంపారు. పేష్కారంటే కాగితాలు సిద్ధం చేసి పైఅధికారి ముందు పెట్టేవాడు. చేతిరాత బాగుందని సంగీతం తనిఖీ కూడా నాకే అప్పగించారు. నాకు సంగీతం వచ్చా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రాజాగారు హైదరాబాదులో ఏదో విందులో యుకులేలీ విన్నారట. అది నాలుగు తీగల చిన్న గిటారు. తమ ఇద్దరు కూతుళ్లకు నేర్పడానికి సికింద్రాబాదు నుంచి డేవిడ్ మాస్టరును రప్పించారు. దసరాలోగా ఒక్కరికైనా వాయించడం రాకపోతే నౌకరీ పోతుందని షరతు. అంతఃపురం ఆచారం ప్రకారం మాస్టరు పరదాకు ఇవతల, శిష్యురాళ్లు అవతల. వేళ్లతో చేసే విద్యను వేళ్లు చూడకుండా నేర్పాలన్నమాట. పైగా గొర్రె పేగుతో చేసిన తీగలు గడప దాటరాదని పెద్ద రాణిగారు సెలవిచ్చారు.

పట్టుతీగల కోసం మాస్టరు ప్రతి శనివారం గద్వాలకు పోసాగాడు. ఇక్కడ పెద్ద రాకుమార్తె వాద్యాన్ని బొమ్మకు ఊయలగా వాడుకునేది. చిన్నామె పాఠం వేళకు దాసీని కూర్చోబెట్టి తాను హాయిగా నిద్రపోయేది. పరదాతో ఉన్న సౌకర్యమే అది.

ఈ శనివారాల సంగతేందో తేల్చమని నాకు హుకుం వచ్చింది. గద్వాలకు పోయి చూస్తే, చీరలకు పట్టుదారం పురిపెట్టే నర్సమ్మ ఇంట్లో మాస్టరు కూర్చుని ఉన్నాడు. తీగ నిలుస్తుందో తెగుతుందో మీటి చూడమని మూడు నెలలుగా ఆమె చేతికి వాద్యం ఇస్తున్నాడట. ఆమె మీటడంతో ఆగలేదు. నా ముందే ఒక పాట మొత్తం వాయించి, "మూడో తీగ జర వదులైంది సారూ, బిగించుర్రి" అని మాస్టరుకే చెప్పింది. సంగీతం రాని నాకు కూడా అది సంగీతమని తెలిసింది. తనిఖీదారునని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మాస్టరు నా వెంట వీధిదాకా వచ్చి ఒక్కటే అడిగాడు.

"నర్సమ్మ పేరు రాయుర్రి సార్. నాకు నేర్ప వస్తదని తెలిస్తే నౌకరీ నిలబడ్తది."

నివేదిక నింపే నమూనా కాగితంలో రాకుమార్తెలకే గడులున్నాయని, నిబంధన దాటలేనని గంభీరంగా చెప్పాను. సిగ్గు అప్పటికే తగ్గింది. "నేర్చినవారు: ఎవరూ లేరు" అని అందంగా రాసి పంపాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని దివానుగారు మెచ్చుకున్నారు.

మాస్టరు వాద్యాన్ని నర్సమ్మకిచ్చి సికింద్రాబాదు వెళ్లిపోయాడు. తర్వాతి ఏళ్లలో పనిమీద గద్వాలకు పోయినప్పుడు చూస్తే, ఆమె పక్కింటి ఆడవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పుతోంది. వాళ్ల మధ్య పరదా లేదు.

మంచిపని చేయకుండా అడ్డుకున్నది నిబంధనే అని చెప్పే ముందు, ఆ నిబంధన ఎవరు రాశారో చూసుకోవాలని ఆ ఉదంతం నాకు నేర్పింది. ఆ నమూనాకు గడులు గీసింది నేనే.